ప్రీమెడ్‌కి ఏ కాలేజీ? బీఎస్-ఎండీ సీటు వస్తే ఏం చూడాలి?

అమెరికాలో మెడికల్ స్కూల్లో చేరాలంటే సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి. డిగ్రీ చదువుతూ మెడికల్ స్కూలుకి సిద్ధం కావడాన్ని ప్రీమెడ్ అంటారు. డిగ్రీ, మెడికల్ సీటు రెండూ హైస్కూల్ నుంచే ఖాయం చేసే ఉమ్మడి ప్రోగ్రాం బీఎస్-ఎండీ. ఆ డిగ్రీ ఎక్కడ చెయ్యాలన్నది పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఏటా ఫిబ్రవరి నుంచి, కాలేజీకి నిర్ణయం చెప్పాల్సిన మే ఒకటో తేదీ దాకా నడిచే చర్చ. ఎడిసన్‌లో అయినా, ఫ్రిస్కోలో అయినా, ఫ్రీమాంట్‌లో అయినా అది చివరికి 'పేరున్న కాలేజీ ఏది' అన్న దగ్గరికే వస్తుంది. ఇంటర్ బైపీసీ, ఎంసెట్ ర్యాంకు, ఉస్మానియాలోనో గుంటూరులోనో సీటు అన్న వరసలో పెరిగిన తల్లిదండ్రులకి ఆ ప్రశ్న రావడం సహజమే. ఆ పద్ధతిలో కాలేజీలో చేరడంతో పోటీ చాలావరకు తీరిపోయేది. అమెరికాలో ప్రీమెడ్ పిల్లలకి కాలేజీలో చేరిన వారం నుంచే అసలు పోటీ మొదలవుతుంది. కాబట్టి చూసుకోవాల్సింది ఇంకొకటి: మూడేళ్ల తర్వాత మెడికల్ స్కూలుకి అప్లై చేసే నాటికి ఈ అమ్మాయి, లేదా ఈ అబ్బాయి, మంచి గ్రేడ్లతో, కుంగిపోకుండా, అప్పుల్లో మునగకుండా ఉండగలిగేది ఎక్కడ?

ప్రీమెడ్ అని ప్రత్యేకంగా ఒక డిగ్రీ ఉండదు. మెడికల్ స్కూళ్లు అడిగే కోర్సులు కొన్ని ఉంటాయి. ల్యాబులతో కలిపి ఏడాది బయాలజీ, ఏడాది జనరల్ కెమిస్ట్రీ, ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఏడాది ఫిజిక్స్, వాటి మీద బయోకెమిస్ట్రీ, కొంత స్టాటిస్టిక్స్, ఇంగ్లీషు. మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ 2015లో మారాక సైకాలజీ, సోషియాలజీ కూడా చదువుకోక తప్పడం లేదు. ఇవి పూర్తి చేస్తే మేజర్ చరిత్ర అయినా, సంగీతం అయినా, ఎకనామిక్స్ అయినా అభ్యంతరం ఉండదు. ఈ కోర్సులు దేశంలోని ప్రతి మంచి యూనివర్సిటీలోనూ ఉన్నాయి. 'ప్రీమెడ్‌లో నంబర్ వన్ కాలేజీ' అని ఇంటర్నెట్‌లో కనిపించే జాబితాల వెనక చెప్పుకోదగ్గ కొలమానం ఏదీ ఉండదు.

ఇక అంకెలు. ఎండీ (అమెరికాలో ఇది డాక్టరు మొదటి డిగ్రీ, మన ఎంబీబీఎస్ లాంటిది) స్కూళ్లకి ఏటా దాదాపు 52 వేల మంది అప్లై చేస్తే సుమారు 23 వేల మంది చేరుతున్నారు. చేరినవాళ్ల సగటు జీపీఏ, అంటే కాలేజీ గ్రేడ్ల సగటు, 4కి 3.8 దరిదాపుల్లో, ఎంక్యాట్ 528కి 512 దరిదాపుల్లో ఉంటోంది. సగటే అది! 3.8 పైన జీపీఏ, మంచి ఎంక్యాట్ ఉండి కూడా ఎక్కడా సీటు రానివాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

ఈ అంకెల్లో ఇంట్లో వాళ్లు సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది. డిగ్రీ అవగానే ఆగకుండా మెడికల్ స్కూల్లో చేరాలంటే మూడో ఏడు ముగిసిన జూన్‌లోనే అప్లికేషన్ పంపాలి. అప్పటికి చేతిలో ఉండేవి మూడేళ్ల గ్రేడ్లే. మొదటి ఏడాది 30 క్రెడిట్లలో సగటు 3.2 వచ్చిందనుకుందాం. మొదటిసారి ఇల్లు వదిలి వెళ్లి, కెమిస్ట్రీ, బయాలజీ, కాలిక్యులస్ మూడూ ఒకే సెమిస్టర్లో నెత్తికెత్తుకున్న తెలివైన పిల్లలకి కూడా వచ్చే అంకే అది. తర్వాత రెండేళ్లలో 60 క్రెడిట్లకి 3.9 తెచ్చుకున్నా, అప్లై చేసే రోజుకి సగటు 3.67 దగ్గర ఆగిపోతుంది. దాదాపు అన్నీ 'ఏ'లే ఉన్న రెండేళ్లు కలిసి కూడా ఆ ఒక్క ఏడాదిని సరిదిద్దలేవు. దానికి తోడు, ఎండీ అప్లికేషన్లు నడిపే ఆమ్‌కాస్ వ్యవస్థ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ గ్రేడ్లని విడిగా లెక్కగట్టి మెడికల్ స్కూళ్ల ముందు పెడుతుంది. ఒక కోర్సు మళ్లీ చదివి 'ఏ' తెచ్చుకున్నా పాత 'సీ' పోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. హైస్కూల్లో ఉండగా సరదాగా తీసుకున్న కమ్యూనిటీ కాలేజీ కోర్సు గ్రేడు సైతం అందులో చేరుతుంది.

అందువల్ల కాలేజీ ఎంపికలో మొదటి విషయం గ్రేడింగ్. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ 2004 నుంచి 2014 దాకా పదేళ్లపాటు 'ఏ' గ్రేడ్లు 35 శాతం దాటకూడదన్న విధానం నడిపింది. ఆ తర్వాత దాన్ని ఎత్తేసింది. అంత బాహాటంగా చెప్పకపోయినా, చాలా యూనివర్సిటీల్లో మొదటి రెండేళ్ల సైన్స్ కోర్సులు వడపోత కోసమే నడుస్తాయి. మూడు నాలుగు వందల మంది కూర్చునే హాల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠం, మొదటి మిడ్‌టర్మ్‌లో క్లాసు సగటు నూటికి యాభై, అందరి మార్కులనీ ఒకదానితో ఒకటి పోల్చి ఇచ్చే గ్రేడు. ఆ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ హైస్కూల్లో మొదటి పదిమందిలో ఉన్నవాళ్లే. అలాంటి చోట తమ పిల్లలు ఎక్కడ నిలుస్తారో అంచనా వేసుకోవడానికి ఒక పనికొచ్చే ఆధారం ఉంది. చాలా కాలేజీలు ఏటా 'కామన్ డేటా సెట్' అనే పత్రాన్ని వెబ్‌సైట్లో పెడతాయి. అందులో చేరిన విద్యార్థులకి కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో వచ్చిన మార్కులు పై పావు వంతులో ఎంత, కింది పావు వంతులో ఎంత అని ఉంటుంది. మన పిల్లలు ఆ పై పావు వంతులో ఉంటే సైన్స్ క్లాసుల్లో ఊపిరి పీల్చుకునే చోటు ఉంటుంది. కింది పావు వంతులో ఉంటే, పేరు ఎంత పెద్దదైనా, ప్రీమెడ్‌కి ఆ కాలేజీ ప్రమాదమే.

దీనర్థం బాగా తేలికైన కాలేజీలో చేరిపోవాలని కాదు. బోధన బలహీనంగా ఉంటే ఆ లోటు ఎంక్యాట్‌లో బయటపడుతుంది. ఏడున్నర గంటల ఆ పరీక్షకి జీపీఏ ఎక్కడ తెచ్చుకున్నారన్నది తెలియదు. కాలేజీ పేరుకి మెడికల్ స్కూళ్లు అసలు విలువే ఇవ్వవనీ చెప్పలేం, కొన్ని ఇస్తాయి. కానీ ఆ విలువ 3.8కీ 3.5కీ మధ్య ఉన్న దూరాన్ని పూడ్చేంత ఉండదు.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల గురించి, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల గురించి ఒక మాట. పది పన్నెండు ఏపీలు రాసిన పిల్లలు ఆ క్రెడిట్లు వాడుకుని మొదటి సెమిస్టర్లోనే ఆర్గానిక్ కెమిస్ట్రీలోకి దూకుతుంటారు. కొన్ని మెడికల్ స్కూళ్లు ఏపీ క్రెడిట్‌ని తప్పనిసరి కోర్సులకి ఒప్పుకోవు. ఒప్పుకున్నా, అదే సబ్జెక్టులో ఇంకా పై కోర్సు చదివి ఉండాలంటాయి. అన్ని ఏపీలూ వాడేసి మూడేళ్లలో డిగ్రీ ముగించాలన్న తొందర ప్రీమెడ్ పిల్లలకి మేలు చెయ్యదు. క్యాంపస్‌కి అలవాటు పడే మొదటి సెమిస్టర్లో తెలిసిన జనరల్ కెమిస్ట్రీనే మళ్లీ చదివి గట్టి 'ఏ' తెచ్చుకోవడం చాలామందికి మంచి ఆరంభం.

'మా దగ్గర అప్లై చేసినవాళ్లలో 90 శాతానికి సీట్లు'

క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు ఈ మాట వినిపిస్తుంది. చాలా కుటుంబాలు దీని మీదే నిర్ణయం తీసుకుంటాయి. ఆ శాతం ఎలా తయారవుతుందో ఒక ఊహా కాలేజీతో చూద్దాం. మొదటి ఏడాదిలో 400 మంది ప్రీమెడ్ అని చెప్పుకున్నారు. ఆర్గానిక్ కెమిస్ట్రీ దాటేసరికి 180 మంది మిగిలారు. మూడో ఏడాది చివర్లో కాలేజీ ప్రీ-హెల్త్ కమిటీ వాళ్లలో కొందరిని పిలిచి 'నీ మార్కులకి ఈ ఏడాది కష్టం, ఆగి చూడు' అంది. కొందరికి కమిటీ లెటర్ ఇవ్వలేదు. ఈ కమిటీ లెటర్ అంటే ప్రొఫెసర్ల సిఫారసులన్నీ కలిపి కాలేజీ తరఫున రాసే ఉత్తరం. అది ఇచ్చే కాలేజీ నుంచి వచ్చిన విద్యార్థి అది లేకుండా అప్లై చేస్తే మెడికల్ స్కూలు ఎందుకు లేదని అడుగుతుంది. చివరికి 80 మంది అప్లై చేశారు, 72 మందికి సీటొచ్చింది. శాతం తొంభై. కానీ మొదట్లో డాక్టరు కావాలని చేరిన నాలుగు వందల మందిలో ఆ మెట్టు ఎక్కినవాళ్లు ఐదుగురిలో ఒకరు కూడా కాదు.

అసలు అప్లై చెయ్యని ఆ 320 మందీ ఓడిపోయినట్టు కాదు. చాలామంది ఇష్టపడే మరో రంగం వెతుక్కుని ఉంటారు. అయినా కాలేజీ చెప్పిన శాతం ఆ 320 మంది గురించి ఏమీ చెప్పలేదు. ప్రీమెడ్ అడ్వైజర్ని సూటిగా అడగాల్సినవి ఉన్నాయి. మొదటి ఏడాది ఎంతమంది ప్రీమెడ్ అంటున్నారు, ఎంతమంది చివరికి అప్లై చేస్తున్నారు? అడిగిన ప్రతి ఒక్కరికీ కమిటీ లెటర్ రాస్తారా, ఏదైనా జీపీఏ హద్దు ఉందా? మీరు చెప్పే శాతంలో అమెరికా బయట కరీబియన్ దీవుల్లో ఉన్న మెడికల్ స్కూళ్లు కలిశాయా? రెండోసారి, మూడోసారి అప్లై చేసినవాళ్లని ఎలా లెక్కపెడతారు? ఒక్కో అడ్వైజర్ చేతిలో ఎంతమంది పిల్లలున్నారు? వీటికి తడుముకోకుండా జవాబిచ్చే అడ్వైజింగ్ ఆఫీసు ఉన్న మామూలు స్టేట్ యూనివర్సిటీ, జవాబు దాటవేసే పెద్ద పేరు కంటే నమ్మదగింది.

ఆసుపత్రి ఎంత దూరం అన్నది మరో పెద్ద విషయం, ఇది బ్రోషర్లలో కనపడదు. మెడికల్ స్కూళ్లు ఇప్పుడు రోగుల దగ్గర గడిపిన గంటలు చూస్తాయి: వార్డుల్లో వాలంటీరు పని, డాక్టర్ల వెంట షాడోయింగ్, అంబులెన్సులో ఈఎంటీ ఉద్యోగం, క్లినిక్‌లో స్క్రైబ్‌గా నోట్సు రాయడం. ఇవి వారం వారం, సెమిస్టర్ల పొడుగునా చెయ్యాల్సినవి. యూనివర్సిటీకి సొంత మెడికల్ స్కూలు ఉంటే చాలనుకోవడం పొరపాటు. కార్నెల్ యూనివర్సిటీ పిల్లలు చదివేది ఇథాకాలో. దాని మెడికల్ కాలేజీ నాలుగు గంటల ప్రయాణం దూరంలో న్యూయార్క్ నగరంలో ఉంది. పెన్ స్టేట్ ప్రధాన క్యాంపస్‌కీ, హెర్షీలో ఉన్న దాని మెడికల్ కాలేజీకీ మధ్య దాదాపు వంద మైళ్లు. మరోపక్క హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీకి సొంత మెడికల్ స్కూలు లేదు, కానీ రోడ్డు దాటితే టెక్సాస్ మెడికల్ సెంటర్. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో హాస్టలు నుంచి పెద్దాసుపత్రికి నడిచి వెళ్లొచ్చు. బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీలోనూ అంతే, క్లాసు గదుల పక్కనే ఆసుపత్రి. కారు లేని పద్దెనిమిదేళ్ల పిల్లలకి ఉదయం ల్యాబ్ అయ్యాక మధ్యాహ్నం రెండు గంటలు వార్డులో గడిపి మళ్లీ సాయంత్రం క్లాసుకి రాగలగడం చిన్న సౌకర్యమేం కాదు. మూడేళ్లలో అది వందల గంటల తేడా తెస్తుంది.

ఇదంతా చదువు సంగతి. డబ్బు సంగతి 2025 తర్వాత ఇంకా ముఖ్యమైపోయింది. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఏడాది ఖర్చు 90 వేల డాలర్ల దాకా వచ్చేసింది. ఆ తర్వాత వచ్చే నాలుగేళ్ల మెడికల్ చదువుకి, బస భోజనాలతో కలిపి, సొంత రాష్ట్రపు పబ్లిక్ స్కూల్లో రమారమి 2.9 లక్షలు, ప్రైవేటులో 3.9 లక్షల డాలర్ల దాకా అవుతుంది. ఇన్నాళ్లూ మెడికల్ విద్యార్థులు ఎంత ఖర్చయితే అంత గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం తెచ్చుకునేవారు. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి ఆ రుణం లేదు. మెడికల్ విద్యార్థికి ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు దాటకూడదు. పిల్లల డిగ్రీ కోసం తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ రుణానికీ ఒక్కో బిడ్డకి 65 వేల పరిమితి పెట్టారు. మిగతాది ప్రైవేటు బ్యాంకులో ఎక్కువ వడ్డీకి తేవాలి, లేదా చేతిలో ఉండాలి. దీన్నిబట్టి డిగ్రీ మీద 3.6 లక్షలు ఖర్చుపెట్టి, మెడికల్ స్కూలుకి ఖాళీ చేతులతో నిలబడటం తెలివైన పని కాదు. సొంత రాష్ట్రపు యూనివర్సిటీ ఆనర్స్ కాలేజీలోనో, మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే చోటనో డిగ్రీ చేసి, దాచిన డబ్బు రెండో అంచెకి ఉంచుకోవడమే చాలా మధ్యతరగతి కుటుంబాలకి సరైన లెక్క. డాలస్ చుట్టుపక్కల తెలుగు పిల్లలు యూటీ డాలస్‌ని ఎంచుకోవడం వెనక ఈ లెక్కే ఉంది, అది మంచి లెక్క. న్యూయార్క్ యూనివర్సిటీ మెడికల్ స్కూలు 2018లో, ఐన్‌స్టైన్ మెడికల్ కాలేజీ 2024లో ట్యూషన్ ఎత్తేసిన మాట నిజమే. కానీ అక్కడ సీటు దొరుకుతుందని ముందే ఇంటి బడ్జెట్ రాసుకోలేం.

ఏ రాష్ట్రంలో ఉంటున్నారన్నదీ కలుపుకోవాలి. టెక్సాస్ పబ్లిక్ మెడికల్ స్కూళ్లు తమ సీట్లలో 90 శాతం టెక్సాస్ వాళ్లకే ఇవ్వాలని చట్టం. అక్కడి ఫీజులూ తక్కువే. కాలిఫోర్నియా పరిస్థితి దానికి తలకిందులు. ఆ రాష్ట్రం నుంచి మెడికల్ స్కూల్లో చేరేవాళ్లలో సగానికి పైగా బయటి రాష్ట్రాలకి వెళ్తున్నారు. అందుకే బే ఏరియా కుటుంబాల్లో బీఎస్-ఎండీ మీద అంత ఆరాటం కనిపిస్తుంది.

బీఎస్-ఎండీ: గ్యారంటీలో ఏముంది

హైస్కూల్ నుంచే మెడికల్ సీటు ఖాయం చేసే ఈ ఉమ్మడి ప్రోగ్రాములు దేశంలో పదుల సంఖ్యలో ఉన్నాయి. కాలం ప్రకారం ఆరు, ఏడు, ఎనిమిదేళ్లవి. పేరు ఒకటే అయినా వీటి మధ్య పోలిక చాలా తక్కువ.

కాన్సస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీ 1971 నుంచి ఆరేళ్ల బీఏ-ఎండీ నడుపుతోంది. వేసవి సెలవులు దాదాపు ఉండవు. మూడో ఏడాది నుంచి విద్యార్థులు 'డోసెంట్' అనే ఒక సీనియర్ డాక్టర్ జట్టులో చేరి, వారానికి ఒక పూట అదే క్లినిక్‌లో అదే రోగులని చూస్తూ చదువు ముగిసేదాకా కొనసాగుతారు. మన ఎంబీబీఎస్‌కి బాగా దగ్గరి పద్ధతి. అందుకే ఇండియాలో డాక్టరీ చదివి వచ్చిన తల్లిదండ్రులకి ఇది వెంటనే నచ్చుతుంది. బ్రౌన్ యూనివర్సిటీ నడిపే పీఎల్‌ఎంఈ అనే ప్రోగ్రాం దీనికి పూర్తిగా అవతలి కొస. ఎనిమిదేళ్లలో ఒక్క రోజు కూడా తగ్గదు, ఎంక్యాట్ ఉండదు, డిగ్రీలో ఏ మేజర్ అయినా చదువుకోవచ్చు. సీటు బెంగ లేకుండా పిల్లలు నాలుగేళ్లు నిజంగా చదువుకోవాలన్నది దాని ఉద్దేశం. వేలమంది అప్లై చేస్తే తీసుకునేది నూటికి రెండు మూడు మందిని. న్యూయార్క్‌లో కూనీ మెడికల్ స్కూలు 1973 నుంచి నడుస్తున్న ఏడేళ్ల ప్రోగ్రాంని సాధారణ కుటుంబాల పిల్లలని దృష్టిలో పెట్టుకుని నడుపుతోంది. న్యూమెక్సికో యూనివర్సిటీ 2006లో మొదలుపెట్టిన బీఏ-ఎండీ పల్లెల్లో డాక్టర్ల కొరత తీర్చడానికి. న్యూజెర్సీలో 'ద కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ', ఎన్‌జేఐటీ లాంటివి నెవార్క్‌లోని రట్గర్స్ మెడికల్ స్కూలుతో కలిసి ఏడేళ్ల దారి ఇస్తాయి. ఈ ప్రోగ్రాములు శాశ్వతం కూడా కావు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ 1960ల నుంచి ఎంతో పేరుతో నడిపిన ఉమ్మడి ప్రోగ్రాంని కొన్నేళ్ల కిందట మూసేసింది. రెండేళ్ల కిందటి జాబితా పట్టుకుని అప్లికేషన్లు పంపకూడదు.

సీటు వచ్చినప్పుడు ఇంట్లో పండగే. 'గ్యారంటీ కదా, ఇంకేం ఆలోచన?' అన్న మాట కూడా వెంటనే వస్తుంది. ఆ ఉత్తరంతో పాటు వచ్చే షరతుల కాగితాన్ని ఒక రోజు కూర్చుని చదవాలి. జీపీఏ ఎంత ఉంచాలన్నది మొదటిది. 3.5 అంటే మొత్తం మీదా, ప్రతి సెమిస్టర్‌కీనా? సైన్స్‌కి విడిగా ఉందా? ఒక్క సెమిస్టర్ జారితే తీసేస్తారా, ఒక అవకాశం ఇస్తారా? మొత్తం మీద 3.5 ఉంచడం వేరు, ప్రతి సెమిస్టర్లోనూ ఉంచడం వేరు. రెండోది జ్వరం వచ్చిన సెమిస్టర్‌ని కూడా క్షమించదు. తర్వాత ఎంక్యాట్. కొన్నింటికి అక్కర్లేదు, కొన్నింటికి రాసి ఫలానా స్కోరు దాటాలి. ఆ స్కోరు మామూలు అభ్యర్థుల సగటు దగ్గరే ఉంటే, వాళ్లు ఇచ్చిన గ్యారంటీలో సగం బలం పోయినట్టే. బయటి మెడికల్ స్కూళ్లకి అప్లై చేసుకోనిస్తారా, చేస్తే ఈ సీటు వదులుకోవాలా అన్నది మూడోది. ఒక ఏడాది ఆగి పరిశోధన చేసుకోవడానికి అనుమతి ఉందా, మేజర్ల మీద పరిమితి ఉందా, డిగ్రీ భాగానికి ఇచ్చే స్కాలర్‌షిప్ మెడికల్ భాగానికి వర్తిస్తుందా. చివరిది సాధారణంగా వర్తించదు.

ఏడేళ్ల ప్రోగ్రాం ఒక ఏడాది ఫీజు మిగులుస్తుంది, ఒక ఏడాది ముందే సంపాదన మొదలవుతుంది. ఆ లాభం నిజమైనదే. దానికి కట్టే ధర డిగ్రీలో ఉండాల్సిన తీరిక. ఇప్పుడు మెడికల్ స్కూల్లో చేరేవాళ్లలో సగానికి పైగా డిగ్రీకీ ఎండీకీ మధ్య కనీసం ఒక ఏడాది గ్యాప్ తీసుకుని వస్తున్నారు. ల్యాబులోనో క్లినిక్‌లోనో పనిచేసి, రోగులతో మాట్లాడటం నేర్చుకుని వచ్చిన ఇరవై నాలుగేళ్ల వాళ్ల పక్కన ఇరవై ఏళ్లకి కూర్చోవడం కొందరికి ఇబ్బంది లేదు, కొందరికి చాలా కష్టం. ఇంకో సంగతి, డాక్టరు లైసెన్సు కోసం రాసే యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి అంచె అయిన స్టెప్ 1 పరీక్ష 2022 జనవరి నుంచి పాస్-ఫెయిల్ అయిపోయింది. డెర్మటాలజీ, న్యూరోసర్జరీ లాంటి గట్టి పోటీ ఉన్న రెసిడెన్సీలకి (ఎండీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణకి) ఇప్పుడు పరిశోధన, మెడికల్ స్కూలు స్థాయి, స్టెప్ 2 స్కోరు ఎక్కువ బరువు మోస్తున్నాయి. ఉమ్మడి ప్రోగ్రాంతో ముడిపడిన మెడికల్ స్కూల్లో ఆ విభాగాల సొంత రెసిడెన్సీలు ఉన్నాయా, విద్యార్థులకి ఎక్కడెక్కడ రెసిడెన్సీ దొరుకుతోంది అన్న జాబితా వాళ్ల వెబ్‌సైట్లోనే దొరుకుతుంది.

ఇంతకీ ఎవరు తీసుకోవాలి? డాక్టరు కావాలన్నది తన నోటితో, తన కారణాలతో చెప్పగలిగే అమ్మాయికి, ఆసుపత్రిలో కొన్ని నెలలు పనిచేసి విసుగు చెందని అబ్బాయికి, షరతులు సహేతుకంగా ఉంటే, బీఎస్-ఎండీ అద్భుతమైన వరం. రెండేళ్ల ఎంక్యాట్ ఒత్తిడి, అప్లికేషన్ల ఆందోళన అక్కడితో పోతాయి. అలా కాక ఇంట్లో వాళ్ల ఆశ మీద, కన్సల్టెంటు రాయించిన వ్యాసాల మీద నడిచి వచ్చిన సీటైతే, ఆ పదిహేడేళ్ల పిల్లలు పందొమ్మిదో ఏట మనసు మార్చుకునే హక్కుని ఇప్పుడే పోగొట్టుకుంటున్నారు. అందుకే ఉమ్మడి ప్రోగ్రాం ఉన్న కాలేజీలో మెడిసిన్ వద్దనుకుంటే ఇంకేం చదవగలరన్నది చూడటం తప్పనిసరి. మామూలు ప్రీమెడ్‌కీ ఇదే వర్తిస్తుంది. మధ్యలో కంప్యూటర్ సైన్స్‌కి మారిపోవచ్చులే అనుకుంటారు కొందరు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ లాంటి చోట్ల మొదటే ఆ డిపార్ట్‌మెంట్లో సీటు రాకపోతే తర్వాత మారడం దాదాపు అసాధ్యం.

రెండింటికీ నడుమ మూడో దారి కూడా ఉంది, దీని గురించి మనవాళ్లలో మాట్లాడేవాళ్లు తక్కువ. కొన్ని మెడికల్ స్కూళ్లు డిగ్రీ రెండో ఏడాదిలోనే సీటు ఖాయం చేస్తాయి. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ 'ఫ్లెక్స్‌మెడ్', జార్జ్‌టౌన్, టఫ్ట్స్, బఫెలో వంటివి ఇలాంటి ముందస్తు ప్రవేశం నడిపాయి. కొన్ని తమ కాలేజీ పిల్లలకే, కొన్ని ఎవరికైనా. పదిహేడేళ్లకి తేల్చుకోలేని పిల్లలకి, పందొమ్మిదేళ్లకి తేల్చుకునే ఈ అవకాశం ఎంతో మానవీయమైనది. కాలేజీ ఎంచుకునేటప్పుడు అలాంటి ఏర్పాటు ఉందేమో కనుక్కోవాలి. ఎండీ కాక డీఓ డిగ్రీ ఇచ్చే ఆస్టియోపతిక్ స్కూళ్లనీ తక్కువ చూపు చూడకూడదు. దేశంలో మెడికల్ చదువుతున్న నలుగురిలో ఒకరు వాటిలోనే ఉన్నారు, డాక్టరుగా హక్కులు సమానం, రెసిడెన్సీల గుర్తింపు కూడా 2020 నుంచి ఒకటే.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది: వీసా. ఉద్యోగ వీసా మీద ఉన్న తల్లిదండ్రుల పిల్లలకి ఇచ్చే హెచ్-4 మీద చిన్నప్పుడే వచ్చి, ఇక్కడే చదువుకుని, గ్రీన్‌కార్డు క్యూలో తల్లిదండ్రులతో పాటు ఎదురుచూస్తున్న పిల్లలకి ఇరవై ఒకటో ఏడు రాగానే ఆ హోదా పోతుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా తీసుకుని అంతర్జాతీయ విద్యార్థులుగా మారాలి. మెడికల్ స్కూళ్లలో ఎక్కువ భాగం పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివాళ్ల అప్లికేషన్ చూడవు. బీఎస్-ఎండీ ప్రోగ్రాములు చాలావరకు అంతే. చూసే ప్రైవేటు స్కూళ్లలో కొన్ని ఒకటి రెండేళ్లదో, నాలుగేళ్లదో ఫీజు ముందే జమ చెయ్యమంటాయి. ఫెడరల్ రుణం దొరకదు. హెచ్-4 పిల్లలు స్క్రైబ్, ఈఎంటీ లాంటి జీతపు పనులు చెయ్యలేరు. ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే వేసవి పరిశోధన వంటివీ పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. వాలంటీరు పని ఒక్కటే మిగులుతుంది. తప్పు ఏమీ చెయ్యని పిల్లల మీద పడే ఈ భారం అన్యాయమైనది, దాన్ని ఆ మాటే అనాలి. ఈ పరిస్థితిలో ఉన్న కుటుంబం పదకొండో తరగతిలోనే అంతర్జాతీయ విద్యార్థులని తీసుకునే మెడికల్ స్కూళ్ల జాబితా తయారు చేసుకోవాలి, ఇరవై ఒకటో పుట్టినరోజు ఏ సెమిస్టర్లో వస్తుందో చూసుకోవాలి, ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఇంటర్ తర్వాత నేరుగా అమెరికా ప్రీమెడ్‌కి పంపాలనుకునేవాళ్లకీ ఇదే గోడ అడ్డు వస్తుంది. నాలుగేళ్ల డిగ్రీకి డబ్బు పోసిన తర్వాత దీన్ని కనుక్కోవడం కంటే ముందే తెలుసుకోవడం నయం.

ఏప్రిల్‌లో కాలేజీల ఉత్తరాలన్నీ చేతికొచ్చాక మే ఒకటి దాకా ఉండేది కొద్ది వారాలే. ఆ లోపల పిల్లల్ని ఒక మామూలు మంగళవారమో బుధవారమో క్యాంపస్‌కి పంపి, ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసులో వెనక కూర్చోబెట్టి, రెండో ఏడాది ప్రీమెడ్ పిల్లలతో అమ్మానాన్నలు పక్కన లేకుండా మాట్లాడనివ్వాలి. స్కాలర్‌షిప్ తక్కువ అనిపిస్తే వేరే కాలేజీ ఇచ్చిన ఉత్తరం జతచేసి మళ్లీ పరిశీలించమని అడగొచ్చు, చాలా కాలేజీలు చూస్తాయి. బీఎస్-ఎండీ అయితే ప్రోగ్రాం డైరెక్టర్ని ఒక ప్రశ్న ఈమెయిల్లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి: నాలుగేళ్ల కిందట హైస్కూల్ నుంచి చేరిన బ్యాచ్‌లో ఎంతమంది ఈ ఏడాది మీ మెడికల్ స్కూల్లో అడుగుపెడుతున్నారు? పదిహేను మందిలో పద్నాలుగు మంది అంటే ఒక లెక్క, ఎనిమిది మంది అంటే ఇంకో లెక్క. ఎనిమిదే అయితే మిగతా ఏడుగురు గ్రేడ్ల వల్ల ఆగారా, ఎంక్యాట్ వల్ల ఆగారా, వేరే మెడికల్ స్కూలుకి వెళ్లారా, మనసు మార్చుకున్నారా అన్నది కనుక్కున్నాకే డిపాజిట్ కట్టాలి.